నల్లటి ఘాటు బీర్లకు మార్కులు: ఒక్క అంకెలో మూడు జవాబులు

బీరు రేటింగ్ జాబితా ఏది తీసినా పైవరుసలో ఎక్కువగా కనిపించేవి ఒకే తరహా బీర్లు. ఇంపీరియల్ స్టౌట్లు అనే ఘాటైన నల్లబీర్లు, విస్కీ పీపాల్లో నెలల తరబడి నిల్వ ఉంచిన స్టౌట్లు, బెల్జియం మఠాల నుంచి వచ్చే ముదురు రంగు బీర్లు. బెల్జియంలోని సింట్ సిక్స్‌టస్ మఠంలో సన్యాసులు తయారుచేసే వెస్ట్‌వ్లెటెరెన్ 12 ఏళ్ల తరబడి ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన బీరుగా పేరు మోసింది. దాని ఆల్కహాల్ 10.2 శాతం. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని టాప్లింగ్ గోలియత్ వాళ్ల కెంటకీ బ్రంచ్ బ్రాండ్ స్టౌట్ కూడా ఇలాగే జాబితాల తలభాగంలో కనిపించింది. మామూలు లాగర్‌ను, అంటే రోజూ కనిపించే లేత రంగు బీరును, ఎంత శుభ్రంగా, ఎంత నేర్పుగా చేసినా ఆ వరుసలోకి రావడం అరుదు. నిజానికి లాగర్ చేయడం తేలికేమీ కాదు. అందులో చిన్న తప్పు జరిగినా దాక్కోవడానికి చోటుండదు.

మరి ఈ తేడా ఎక్కడినుంచి వస్తోంది? నాకు అర్థమైనంతవరకు, చిక్కు బీరులో కన్నా మార్కుల్లోనే ఎక్కువ ఉంది. బీరుకు మార్కులు వేసేటప్పుడు మనం మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాం. ఇందులో లోపం ఏమైనా ఉందా? తన తరహాకు తగ్గట్టు ఉందా? నాకు నచ్చిందా? ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా రాసేస్తాం. చదివేవాళ్లకు ఆ అంకెలో ఏ ప్రశ్నకు ఎంత వాటా ఉందో తెలియదు. మామూలు బీర్ల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఘాటైన నల్లబీర్ల దగ్గరకొచ్చేసరికి మూడు జవాబులూ మూడు దిక్కులకు లాగుతాయి.

నలుపు వేరు, ఘాటు వేరు

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. రంగు చూసి బీరు ఎంత ఘాటుగా ఉంటుందో చెప్పలేం. గిన్నిస్ డ్రాఫ్ట్ నల్లగా ఉంటుంది గానీ దాని ఆల్కహాల్ 4 శాతం పైచిలుకే. బెల్జియం ట్రిపెల్ బంగారు రంగులో ఉండి 8, 9 శాతం దాకా వెళ్తుంది. బీరుకు నలుపు వచ్చేది బాగా వేయించిన మాల్ట్ నుంచి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి. మొత్తం ధాన్యంలో పదో వంతు కన్నా తక్కువ వేసినా గ్లాసంతా నల్లబడుతుంది. 1817లో డానియెల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ను తిరిగే డ్రమ్ములో వేయించే పద్ధతికి ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నాడు. లేత మాల్ట్ ఆధారంగా బీరు చేసి, కొద్దిపాటి నల్ల మాల్ట్‌తో రంగు, మాడు రుచి తెచ్చుకునే వీలు అప్పట్నుంచే కలిగింది. ఘాటు మాత్రం ఎంత మాల్ట్ వాడారు, అందులోని చక్కెరలో ఎంత భాగాన్ని ఈస్ట్ ఆల్కహాల్‌గా మార్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ బీర్లన్నీ ఒకే ఇంటివి కూడా కావు. పోర్టర్ అనే నల్లబీరు 18వ శతాబ్దపు లండన్‌ది. అందులో బలమైనదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు, కాలక్రమంలో స్టౌట్ అన్న పేరే మిగిలింది. సౌత్‌వార్క్‌లోని థ్రేల్ బ్రూవరీ నుంచి ఘాటైన పోర్టర్ రష్యాకు ఓడల్లో వెళ్లేది. మహారాణి కేథరిన్ కొలువుకు అందిన బీరు కాబట్టి ఇంపీరియల్ అన్న పేరు దానికి అతుక్కుపోయింది. బాల్టిక్ సముద్రం చుట్టూ ఉన్న దేశాలవాళ్లు దాన్నే తమ పద్ధతిలో, లాగర్ ఈస్ట్‌తో చల్లగా పులియబెట్టి బాల్టిక్ పోర్టర్ చేసుకున్నారు. అందుకే అందులో మాడు తక్కువ, నునుపు ఎక్కువ. బెల్జియం బీర్ల దారి మరొకటి. వాటి రంగు ఎక్కువగా ముదురుగా కాచిన చక్కెర పాకం నుంచి వస్తుంది. ఎండుద్రాక్ష, అంజీర్, లవంగం లాంటి వాసనలు తగులుతాయి, కాఫీ ఛాయ ఉండదు. 11.3 శాతం ఉండే రోష్‌ఫోర్ 10 తాగి ‘రోస్ట్ (మాడు రుచి) తక్కువైంది’ అని మార్కులు కోసేసినవాళ్లు నిజానికి దాన్ని స్టౌట్‌తో పోల్చి చూశారు. రెండో ప్రశ్నను పట్టించుకోకపోతే జరిగేది ఇదే.

గ్లాసు దగ్గర కూర్చుని

ఒక ఇంపీరియల్ స్టౌట్ తీసుకుందాం. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసి తాగితే దాని సగం సంగతి మనకు తెలియదు. చల్లదనంలో వాసనలు పైకి లేవవు, తీపి అణిగిపోతుంది, చేదు, వగరు మాత్రం ముందుకొస్తాయి. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటే మంచిది, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. నోరు కాస్త లోపలికి వంగిన గ్లాసు అయితే వాసన లోపలే నిలబడుతుంది. అందులో మూడో వంతు వరకు పోస్తే చాలు.

రంగుకు ఎక్కువ సేపు పెట్టక్కర్లేదు. ఒక స్థాయి దాటాక అన్నీ నల్లగానే కనిపిస్తాయి. దీపానికి అడ్డంగా పట్టి అంచుల్లో ఎర్రటి ఛాయ ఉందా, పూర్తిగా నలుపేనా చూసుకుంటే సరిపోతుంది. నురుగు విషయంలో మాత్రం న్యాయంగా ఉండాలి. ఆల్కహాల్ ఎక్కువైతే నురుగు నిలవదు. కొబ్బరి, కోకో లాంటివి వేస్తే వాటి నూనెలు కూడా నురుగును తినేస్తాయి. కాబట్టి 13 శాతం స్టౌట్ మీద గోధుమరంగు పొర ఒకటి కాసేపు కనిపించి కరిగిపోతే అది లోపం కాదు. లేత బీరుకు వేసినట్టు ఇక్కడ మార్కులు తీసేయకూడదు.

అసలు పని వాసనతో మొదలవుతుంది. మన ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది, అందుకే మొదటి రెండు మూడు పీల్పులకే విలువ ఎక్కువ. గట్టిగా ఒక్కసారి లాగడం కన్నా చిన్నగా రెండుసార్లు పీల్చి, గ్లాసు పక్కన పెట్టి, తోచింది రాసుకోవడం మేలు. ‘డార్క్ చాక్లెట్’ అని రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగాలి. నిజంగా చాక్లెట్ తగిలిందా, నల్లగా ఉంది కాబట్టి తగలాలని అనుకున్నామా? 2001లో వెలువడిన ఒక పరిశోధనలో బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. ముక్కు చెప్పాల్సిన మాట కన్ను చెప్పేసింది. నల్లబీరు దగ్గర మనందరికీ ఇదే ప్రమాదం.

ఇప్పుడు చిన్న గుక్క. ముందు తీపి తగులుతుంది, వెనకే మాడు, ఆ తర్వాత చేదు. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే వాసన లోపలి దారిన మళ్లీ ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఇదే. ఎండు ఖర్జూరం, కాల్చిన రొట్టె పైపెచ్చు, బ్లాక్ కాఫీ, మాడిన పంచదార లాంటివి విడివిడిగా తెలిసేది ఎక్కువగా ఇక్కడే. ఆల్కహాల్ కూడా ఈ దశలోనే బయటపడుతుంది. 11 శాతం బీరు గొంతు దిగాక ఛాతీలో వెచ్చగా తెలియడం సహజం. గొంతు మండితే, ముక్కులో స్పిరిట్ వాసన గుచ్చితే, పులియబెట్టేటప్పుడు వేడి ఎక్కువై ఫ్యూజల్ ఆల్కహాల్స్ అనే మంటపుట్టించే ఆల్కహాల్స్ పుట్టి ఉండొచ్చు, లేదా బీరుకు ఇంకా వయసు రాలేదు.

చేదు సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే అది రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి బీరులో చేదు కోసం వేసే హాప్స్ పూలు, రెండోది మాడిన మాల్ట్. బీరు న్యాయనిర్ణేతల సంస్థ బీజేసీపీ పోటీల కోసం పెట్టిన మార్గదర్శకాలు ఇంపీరియల్ స్టౌట్‌కు 8 నుంచి 12 శాతం ఆల్కహాల్, 50 నుంచి 90 ఐబీయూల చేదు చెబుతాయి. ఐబీయూ అంటే బీరు చేదుకు కొలమానం. 90 ఐబీయూ అంటే కాగితం మీద భయపెట్టే చేదు. కానీ పులియకుండా మిగిలిపోయిన చక్కెరలు ఆ చేదును మోసేస్తాయి, నాలుకకు అందులో సగం కూడా తెలియకపోవచ్చు. అదే కొలత లేత బీరులో ఉంటే ముఖం చిట్లించుకుంటాం. కాబట్టి సీసా మీది ఐబీయూ చూసి ఈ బీరు చేదుగా ఉంటుందో లేదో చెప్పలేం. చూడాల్సింది తూకం. తీపి ముందుకొచ్చి నాలుక మీద అతుక్కుపోయేలోపు చేదు వచ్చి దాన్ని కడిగేస్తోందా? ఆ చేదు పొడిగా, శుభ్రంగా ముగుస్తోందా, లేక బూడిద నాకినట్టు వగరుగా మిగిలిపోతోందా?

ఇక గ్లాసును వదిలేసి పావుగంట ఆగాలి. నా దృష్టిలో మార్కులు నిర్ణయించాల్సింది ఈ పావుగంట తర్వాతే. బీరు వెచ్చబడేకొద్దీ మంచిది విచ్చుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కనపడని ఎండుపండ్ల వాసన లేస్తుంది, మాడు మెత్తబడుతుంది. తూకం లేనిది ఇక్కడే దొరికిపోతుంది. మొదటి గుక్కలో అబ్బురంగా అనిపించిన వెనిలా పదో గుక్కకు మొహంమొత్తుతుంది.

పులుపు, సోయా, తడి అట్టపెట్టె

లోపాలు పట్టడంలో నల్లబీరు పెట్టే ఇబ్బంది ఒకటుంది. మాడు వాసన చాలావాటిని కప్పేస్తుంది. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్ లాగర్‌లో వెంటనే తెలిసిపోతుంది, తియ్యటి స్టౌట్‌లో అదే టాఫీ అనిపించుకుని తప్పించుకోవచ్చు. పాతబడిన లేత బీరులో తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. స్టౌట్‌లోనూ ఆక్సిజన్ తన పని తాను చేస్తుంది గానీ, కొంతకాలం వరకు దాని ఫలితం షెర్రీ వైన్ ఛాయలా ఇంపుగానే ఉంటుంది. ఎక్కడ ఇంపు ఆగి చెడు మొదలైందో చెప్పడానికి అనుభవం కావాలి. ఈస్ట్ చచ్చి విచ్ఛిన్నమైతే సోయా సాస్ లాంటి ఉప్పదనం, మాంసపు వాసన వస్తాయి. ఏళ్ల తరబడి దాచిన సీసాల్లో ఇది తరచుగా ఎదురయ్యే జబ్బు.

పులుపు దగ్గర మరీ జాగ్రత్త అవసరం. మాడిన మాల్ట్ సహజంగానే ఆమ్లగుణం కలది, కాబట్టి బ్లాక్ కాఫీలో ఉండేపాటి చురుకు స్టౌట్‌లో ఉండొచ్చు. వెనిగర్ ఘాటు, పుల్లటి పండ్ల వాసన, చిక్కదనం పోయి పలచబడటం కలిసి వస్తే మాత్రం అది సూక్ష్మజీవుల పని. కొయ్య పీపాలను పూర్తిగా శుభ్రం చేయడం ఎవరివల్లా కాదు. పీపా స్టౌట్లకు దారి చూపిన షికాగో సంస్థ గూస్ ఐలాండ్‌కే ఇది తప్పలేదు. 2015లో వచ్చిన వాళ్ల బోర్బన్ కౌంటీ బీర్లలో కొన్ని సీసాల్లో లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా పెరిగి పులిశాయి. 2016లో వాళ్లు కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చారు, ఆ తర్వాత ఈ బీర్లను పాశ్చరైజ్ చేయడం, అంటే వేడిచేసి సూక్ష్మజీవులను చంపడం, మొదలుపెట్టారు. చేసిన తప్పును ఇలా బయటికి చెప్పిన పద్ధతి నాకు గౌరవంగా అనిపిస్తుంది.

మార్కుల పట్టికలు

బీజేసీపీ న్యాయనిర్ణేతలు బీరుకు 50 మార్కులకు వేస్తారు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తెలిసే చిక్కదనానికి 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. బీరు రేటింగుల వెబ్‌సైట్ బీర్ అడ్వొకేట్ పట్టిక శాతాల్లో ఉంటుంది. వాసనకు 24, రూపానికి 6, రుచికి 40, చిక్కదనానికి 10, మొత్తానికి 20. మొదటిదాన్ని రెట్టింపు చేసి చూడండి, రెండూ ఒకటే. 2000లో మొదలై 2025లో మూతపడ్డ మరో వెబ్‌సైట్ రేట్‌బీర్ మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ వాసనకు 10, రూపానికి 5, రుచికి 10, చిక్కదనానికి 5, మొత్తం అభిప్రాయానికి 20. అంటే 40 శాతం మార్కులు ‘మొత్తం మీద ఎలా ఉంది’ అన్న ఒక్క గడిలోనే ఉన్నాయి. మూడో ప్రశ్న, అంటే నచ్చడం, ఎక్కువగా చొరబడేది ఈ గడిలోకే. అన్‌టాప్డ్ యాప్‌లో విడి గడులే లేవు, ఐదుకు ఒకే అంకె వేస్తారు, పావు చొప్పున పెంచుకుంటూ. పట్టిక ఎంత చిన్నదైతే ఇష్టానికి అంత చోటు.

ఒకే బీరు ఈ పట్టికల్లో ఎలా తారుమారవుతుందో ఊహించండి. కొబ్బరి, వెనిలా, కోకో, పాలచక్కెర దట్టించిన స్టౌట్ ఒకటి ఉందనుకోండి, వీటినే పేస్ట్రీ స్టౌట్లు అంటున్నారు. పాలచక్కెరను బీరు ఈస్ట్ తినలేదు కాబట్టి ఆ తీపి చివరిదాకా అలాగే ఉంటుంది. దీన్ని ఇంపీరియల్ స్టౌట్‌గా పోటీకి పంపితే న్యాయనిర్ణేతలు పక్కన పెడతారు. చేదు లేదు, వేసిన దినుసులు మాల్ట్‌ను మింగేశాయి, ఈ తరహాకు ఇది కుదరదు అంటారు. యాప్‌లో అదే బీరుకు 4.5 వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు రెండో ప్రశ్నకు, మరొకరు మూడో ప్రశ్నకు జవాబిచ్చారంతే.

ఘాటుకు మొగ్గు ఎందుకు

దీనికి మొదటి కారణం పోసుకునే కొలత. అరుదైన సీసాను పదిమంది పంచుకుంటారు, ఒక్కొక్కరికి 60 మిల్లీలీటర్లు వస్తుంది. ఆ కాస్తలో గట్టిగా మాట్లాడే బీరే గెలుస్తుంది. మొహంమొత్తే దాకా ఎవరూ తాగరు. రెండోది, తాగేవాళ్లు ఎవరన్నది. లాగర్‌కు మార్కులు వేసేవాళ్లలో దారినపోతూ తాగినవాళ్లు, ఇష్టం లేకుండా తాగినవాళ్లు అందరూ ఉంటారు. క్యూలో నిలబడి 14 శాతం స్టౌట్ సీసా సంపాదించినవాళ్లు ముందే ఆ తరహా అభిమానులు. అమెరికాలో ఇండియానాలోని త్రీ ఫ్లాయిడ్స్ వాళ్లు డార్క్ లార్డ్ అనే స్టౌట్ కోసం ఏటా ఒక ఉత్సవమే జరుపుతారు. అంత దూరం వెళ్లి తెచ్చుకున్న సీసాకు ఐదుకు మూడు మార్కులు వేయడానికి మనసు ఒప్పదు. వీటన్నిటికీ తోడు ఆల్కహాల్ కూడా ఉంది. అది తీపిని పెంచుతుంది, చిక్కదనం పెంచుతుంది, తాగినవాడి మనసును ఉదారంగా మారుస్తుంది. 12 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 31 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం బీరు అదే కొలతలో 13 గ్రాములే. వరుసగా నాలుగు స్టౌట్లు పూర్తిగా తాగినవారు నాలుగోదానికి వేసిన మార్కును నేను లెక్కలోకి తీసుకోను.

కొద్దిమందే మార్కులు వేసిన బీరు సగటు అమాంతం పైకి లేవకుండా ఆపడానికి జాబితాలు ఒక లెక్క వాడతాయి. ప్రతి బీరుకూ ముందుగానే కొన్ని మామూలు మార్కులు ఉన్నట్టు భావించి కలుపుతారు. మచ్చుకు, అన్ని బీర్ల సగటు 3.7 అనుకుని 50 మంది ఆ మార్కు వేసినట్టు కలిపారనుకుందాం. పదిమంది 4.6 వేసిన బీరు 3.85 దగ్గర ఆగుతుంది. వెయ్యిమంది 4.4 వేసినది 4.37 దగ్గర నిలుస్తుంది. లెక్క మంచిదే, దాన్ని నేను సమర్థిస్తాను. కానీ అది తక్కువ ఓట్ల సమస్యను తీరుస్తుంది గానీ, ఓటు వేసినవాళ్లంతా ఒకే అభిరుచి ఉన్నవాళ్లన్న సమస్యను ముట్టుకోలేదు.

పీపా కింద బీరుందా?

అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. అలా వదిలేసిన పీపాలే స్టౌట్లకు దొరికిన వరం. ఓక్ నుంచి వెనిలిన్ వస్తుంది, కొబ్బరిని తలపించే లాక్టోన్లు వస్తాయి, కొయ్యలో ఇంకిన విస్కీ కూడా బీరులో కలుస్తుంది. పీపాను బాగా వాడుకున్న బీరులో ఇవన్నీ మాల్ట్ రుచి చుట్టూ అమరి ఉంటాయి. విఫలమైనదాంట్లో వెనిలా, స్పిరిట్, కొయ్య వగరు తప్ప మరొకటి మిగలదు. నేను ఇలాంటి బీరు తాగినప్పుడు నాకు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే, పీపాను తీసేస్తే ఇక్కడ ఏం మిగులుతుంది? కాల్చిన మాల్ట్, కాస్త చేదు, ఎండుపండ్లు మిగిలాయా? మిగిలితే ఎక్కువ మార్కులకు అర్హమే. మిగలకపోతే నేను తాగింది పలచబడ్డ విస్కీ.

మీరే మార్కులు వేయాలనుకుంటే కొన్ని ఏర్పాట్లు ఉపయోగపడతాయి. లేతవాటి నుంచి ఘాటైనవాటికి వెళ్లండి, పీపా స్టౌట్‌ను చివరికి ఉంచండి. పూటకు నాలుగైదు బీర్లు, ఒక్కోటి 60 నుంచి 90 మిల్లీలీటర్లు చాలు. మధ్యలో మంచినీళ్లు, చప్పటి రొట్టె ముక్క. పేరు తెలియకుండా ఎవరిచేతనైనా పోయించుకోండి, రాసుకోవడం పూర్తయ్యేదాకా పక్కవాళ్లతో మాట్లాడకండి. ‘కొబ్బరి’ అని ఒకరు అన్నారంటే ఆ గదిలో అందరి గ్లాసుల్లోనూ కొబ్బరి పుట్టుకొస్తుంది. 4.25కి, 4.5కి తేడా మీకు నిజంగా తెలుస్తోందా అన్న అనుమానం వస్తే మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకోండి. రెండింట్లో ఒక బీరు, మూడోదాంట్లో వేరే బీరు పోయించి, వేరేది ఏదో కనిపెట్టాలి. గుడ్డిగా చెప్పినా మూడోవంతు సార్లు సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే సరిపోదు, చాలాసార్లు చేయాలి.

మార్కు రాసేటప్పుడు మూడు ప్రశ్నలకూ మూడు ముక్కలు విడిగా రాయడం నాకు నచ్చిన పద్ధతి. ‘లోపం లేదు. స్టౌట్‌గా చూస్తే చేదు తక్కువ. నాకు నచ్చింది, సగం గ్లాసుకు మించి వద్దు.’ ఈ మూడు వాక్యాలు చదివినవాళ్లు ఆ సీసా తమకు సరిపడుతుందో లేదో తేల్చుకోగలరు, 4.1 అన్న అంకెతో ఆ పని జరగదు. ఇతరుల రేటింగులు చదివేటప్పుడు కూడా సగటును దాటి మాటల్లోకి వెళ్లాలి. ఒకరు ‘కాఫీ దట్టంగా ఉంది’ అని మెచ్చుకుని, మరొకరు ‘పచ్చి క్యాప్సికం వాసన’ అని తిట్టారంటే రుచిభేదం అనుకుని వదిలేయకండి, తేదీలు చూడండి. కాఫీ వేసిన స్టౌట్లలో కొన్ని పాతబడేకొద్దీ సరిగ్గా ఆ వాసనకే తిరుగుతాయి. మొదటివారు తాజా సీసా తాగి ఉంటారు, రెండోవారు ఏడాది దాచి తాగి ఉంటారు. సీసాలో నింపిన తేదీ, తాగిన తేదీ రెండూ రాయని రేటింగ్ ఆ బీరు ఏ వయసు గురించి చెబుతోందో మనకు తెలియదు.